ఏ కోర్టు గుమ్మం ఎక్కాలి? ఎంఐ5 మాజీ ఆఫీసర్ పుస్తకం కేసు మీద ఒక కేస్ స్టడీ

కేసు పేరు ఏ వర్సెస్ బి. పేర్లు బయటపెట్టలేదు, అంతే. ఏ అంటే బ్రిటన్ సెక్యూరిటీ సర్వీస్‌లో, అదే మనం ఎంఐ5 అనేదాంట్లో, సీనియర్‌గా చేసి బయటికొచ్చిన ఆఫీసర్. బి అంటే అదే ఆఫీసులో డైరెక్టర్ ఆఫ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్. ఏ తన ఉద్యోగం గురించి ఒక పుస్తకం రాశారు, రూల్ ప్రకారం ముందే చూపించి పర్మిషన్ అడిగారు, బి కొన్ని భాగాలకి కుదరదన్నారు. ఏ కోర్టుకి వెళ్లారు. మూడు కోర్టులు తిరిగి 2009 డిసెంబర్ 9న బ్రిటన్ సుప్రీంకోర్టులో తేలింది. తేలింది అంటే ఏం తేలింది? ఆ పేజీల్లో ఏముంది, వాటిని ఆపడం కరెక్టా కాదా అన్నది ఈ మూడు కోర్టుల్లో ఒక్క జడ్జి కూడా ముట్టుకోలేదు. అసలు ఈ గొడవ వినాల్సింది ఎవరు అన్న ఒక్క పాయింట్ మీదే మొత్తం నడిచింది.

నేను లాయర్‌గా ఎక్కువగా సర్వీస్ మ్యాటర్స్, అంటే గవర్నమెంట్ ఉద్యోగుల కేసులు, చేస్తాను కాబట్టి ఈ జడ్జిమెంట్ నాకు ఇష్టం. మనవాళ్లు జ్యూరిస్‌డిక్షన్ పాయింట్‌ని, అంటే ఈ కోర్టుకి వినే అధికారం ఉందా అన్నదాన్ని, ప్రిలిమినరీ అబ్జెక్షన్ అని కౌంటర్‌లో మొదటి పేరాలో పడేసి వదిలేస్తారు, అవతలివాళ్లు కూడా రిప్లైలో ఒక లైన్ రాసి వదిలేస్తారు. కానీ ఇలాంటి కేసుల్లో ఫోరమ్ ఏది అనేదే సగం రిజల్ట్. ఓపెన్ కోర్టా, తలుపులేసుకుని వినే ట్రిబ్యునలా, రీజన్స్ ఇస్తారా ఇవ్వరా, అప్పీల్ ఉందా లేదా, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి.

ముందు బ్యాక్‌గ్రౌండ్

బ్రిటన్‌లో 1989 అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ అని ఒకటుంది. దాని సెక్షన్ 1 ప్రకారం ఇంటెలిజెన్స్‌లో చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు, తమ ఉద్యోగం వల్ల తెలిసిన ఏ విషయమైనా పర్మిషన్ లేకుండా బయటపెడితే నేరం, రెండేళ్ల దాకా జైలు. దేశానికి నష్టం జరిగిందా లేదా అన్న లెక్క కూడా వాళ్ల విషయంలో లేదు, చెప్పడమే నేరం. రిటైరయ్యాక కూడా, చచ్చేదాకా. దీనికి తోడు ఉద్యోగంలో చేరేటప్పుడు పెట్టిన సంతకాలు, కాన్ఫిడెన్స్ కాపాడాల్సిన డ్యూటీ. దాన్ని మీరితే ఏమవుతుందో 2000లో జార్జ్ బ్లేక్ కేసులో చూశాం, ఆయన ఎంఐ6లో ఉంటూ సోవియట్లకి పనిచేసి, జైలు నుంచి తప్పించుకుని మాస్కో వెళ్లి, తర్వాత ఆత్మకథ రాస్తే దాని మీద ఇంకా రావాల్సిన డబ్బులు గవర్నమెంట్‌కే అంది అప్పటి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్. కాంట్రాక్ట్ మీరినందుకు లాభం మొత్తం లాక్కోవడం అనేది అంతకుముందు ఇంచుమించు లేదు, ఈయన కోసం తలుపు తీశారు.

ఇంకో ముఖ్యమైన కేసు షేలర్‌ది, 2002. డేవిడ్ షేలర్ కూడా ఎంఐ5 మాజీనే, పేపర్‌కి డాక్యుమెంట్లు ఇచ్చాడని ప్రాసిక్యూట్ చేశారు. ప్రజల మంచి కోసం చెప్పాను అని డిఫెన్స్ తీసుకోబోతే హౌస్ ఆఫ్ లార్డ్స్ కుదరదంది. మరి యూరోపియన్ కన్వెన్షన్ ఆర్టికల్ 10, అంటే భావ ప్రకటన హక్కు, అది ఏమైంది అంటే, లార్డ్ బింగమ్ చెప్పిన దాని సారాంశం ఇది: నోరు పూర్తిగా కట్టెయ్యలేదు కదా, ముందు డిపార్ట్‌మెంట్‌ని పర్మిషన్ అడుగు, వాళ్లు అన్యాయంగా కాదంటే జ్యుడీషియల్ రివ్యూకి, అంటే ఆ నిర్ణయం చట్టప్రకారం ఉందా అని చూడమని కోర్టుకి, వెళ్లు, కోర్టు గట్టిగానే చూస్తుంది. ఆ దారి ఉంది కాబట్టే చట్టం ఆర్టికల్ 10కి విరుద్ధం కాదు అని తేల్చారు.

మన ఏ గారు అచ్చం అదే చేశారు. దొంగచాటుగా అచ్చేయించలేదు, పేపర్‌కి లీక్ చెయ్యలేదు, పర్మిషన్ అడిగారు, కాదంటే అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో జ్యుడీషియల్ రివ్యూ వేశారు. అక్కడ ఎంఐ5 తరఫు వాళ్లు లేచి, మీరు వచ్చింది రాంగ్ ప్లేస్ అండీ అన్నారు.

అడ్డం పడ్డ సెక్షన్

యూరోపియన్ కన్వెన్షన్ హక్కులని బ్రిటన్ కోర్టుల్లోనే అడగనిచ్చే చట్టం హ్యూమన్ రైట్స్ యాక్ట్ 1998, దాని సెక్షన్ 7(1)లో రెండు దారులున్నాయి. (ఎ) ప్రకారం హక్కు పోయినవాడు తనే ముందుకొచ్చి గవర్నమెంట్ సంస్థ మీద "తగిన కోర్టు లేదా ట్రిబ్యునల్"లో కేసు వేయొచ్చు. (బి) ప్రకారం వేరే ఎవరో వేసిన కేసులో ఆ హక్కుని అడ్డుపెట్టుకోవచ్చు. ఈ రెండింటి తేడా గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

2000లో రెగ్యులేషన్ ఆఫ్ ఇన్వెస్టిగేటరీ పవర్స్ యాక్ట్ వచ్చింది, అందరూ రిపా అంటారు. దాని సెక్షన్ 65తో ఇన్వెస్టిగేటరీ పవర్స్ ట్రిబ్యునల్, ఐపీటీ, పెట్టారు. 65(2)(ఎ), 65(3)(ఎ) కలిపి చదివితే, ఇంటెలిజెన్స్ సర్వీసుల మీద సెక్షన్ 7(1)(ఎ) కింద వేసే కేసులకి "ఏకైక తగిన ట్రిబ్యునల్" ఐపీటీనే. ఇక అప్పట్లో సెక్షన్ 67(8) ఏమనేదంటే ఐపీటీ ఇచ్చిన నిర్ణయాల మీద, తనకి అధికారం ఉందా లేదా అని అది చేసిన నిర్ణయంతో సహా, అప్పీల్ లేదు, ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదు. పైగా సెక్షన్ 68(4) ప్రకారం ఫిర్యాదుదారుడికి చెప్పాల్సింది నీ పక్షాన తీర్పు వచ్చిందా లేదా అన్నంతవరకే. రూల్స్ చూస్తే అవతలివాళ్లు ఇచ్చిన మెటీరియల్‌ని వాళ్లు ఒప్పుకోకుండా నీకు చూపించరు. ఇంతెందుకు, హియరింగులన్నీ ప్రైవేట్‌గానే జరగాలి అని కూడా 2000 రూల్స్‌లో రాశారు, దాన్ని 2003లో ఐపీటీనే చెల్లదని కొట్టేసింది, ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే ట్రిబ్యునల్‌కి అన్యాయం చేసినట్టవుతుంది.

ఒక రైటర్‌కి ఇది ఎంత తేడానో ఊహించండి. హైకోర్టులో అయితే పేరు దాచినా వాదన కొంతైనా బయట జరుగుతుంది, కారణాలతో తీర్పు వస్తుంది, పైకి వెళ్లొచ్చు.

మూడు కోర్టులు

2008 జూలైలో జస్టిస్ కాలిన్స్ ఏ గారి పక్షాన చెప్పారు, ఈ కోర్టుకి అధికారం ఉంది అని. 2009 ఫిబ్రవరిలో కోర్ట్ ఆఫ్ అప్పీల్ తిప్పేసింది, అదీ ఏకగ్రీవంగా కాదు, లాస్, డైసన్ ఒకవైపు, రిక్స్ ఇంకోవైపు. తర్వాత సుప్రీంకోర్టు. అప్పటికి బ్రిటన్‌లో సుప్రీంకోర్టు అనేదే కొత్త, 2009 అక్టోబర్ 1నే హౌస్ ఆఫ్ లార్డ్స్ నుంచి విడిపోయి మొదలైంది, ఇది దాని 12వ నంబర్ జడ్జిమెంట్. మెయిన్ తీర్పు లార్డ్ బ్రౌన్ రాశారు, మిగతావాళ్లు ఒప్పుకున్నారు, లార్డ్ హోప్ కొంచెం కలిపారు. ఏ ఓడిపోయారు. ఇక్కడ ఒక చిన్న విషయం: లార్డ్ బ్రౌన్ 2000 నుంచి 2006 దాకా ఇంటెలిజెన్స్ సర్వీసెస్ కమిషనర్‌గా చేసినాయన. దాన్ని పట్టుకుని పక్షపాతం అనడం నా ఉద్దేశం కాదు, ఈ సంస్థల లోపలి పద్ధతి తెలిసిన మనిషి రాసిన తీర్పు అని గుర్తుంచుకుని చదివితే కొన్ని పేరాల్లో ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది, అంతే.

ఏ తరఫు వాదనలు మూడు నాలుగున్నాయి, నాకు బలంగా అనిపించినవి చెప్తాను.

మొదటిది పాతదే, గట్టిది. పౌరుడు మామూలు కోర్టుకి వెళ్లే హక్కుని తీసెయ్యాలంటే చట్టం స్పష్టంగా చెప్పాలి, అనుమానం ఉంటే కోర్టు వైపే చదవాలి. దీనికి 1960 నాటి పిక్స్ గ్రానైట్ కేసు, ఇంకా 1969 అనిస్మినిక్. అనిస్మినిక్ మనందరికీ లా కాలేజీలో అడ్మినిస్ట్రేటివ్ లా పేపర్‌లో వచ్చిందే, ఔస్టర్ క్లాజ్, అంటే కోర్టులు ప్రశ్నించకూడదు అనే నిబంధన, ఉన్నా తప్పుడు నిర్ణయం నిర్ణయమే కాదు అన్న కేసు.

రెండోది టెక్స్ట్ మీద. హ్యూమన్ రైట్స్ యాక్ట్ "కోర్టు లేదా ట్రిబ్యునల్" అంది, రిపా మాత్రం ఏకైక "ట్రిబ్యునల్" అంది, కాబట్టి ట్రిబ్యునళ్లలో ఇదొక్కటే అని అర్థం, కోర్టుల సంగతి అది ఎత్తలేదు అని. వినడానికి చమత్కారంగా ఉంటుంది, కానీ నాకైతే ఇది మొదటినుంచీ నిలబడే వాదన అనిపించలేదు. అలా అయితే ఆ సెక్షన్‌కి చేసే పనేమీ మిగలదు కదా.

మూడోది, ఐపీటీని పెట్టింది ఫోన్ ట్యాపింగులు, నిఘా లాంటి వాటి మీద కంప్లైంట్ల కోసం, తన మీద నిఘా ఉందో లేదో కూడా తెలియనివాళ్ల కోసం. ఇక్కడ అలాంటి దాపరికం అవసరమేముంది? మాన్యుస్క్రిప్ట్ రాసిందే ఏ, అందులో ఏముందో ఆయనకి తెలుసు, బికి తెలుసు. ఇది నిజంగా మంచి పాయింట్.

నాలుగోది షేలర్. హౌస్ ఆఫ్ లార్డ్స్ జ్యుడీషియల్ రివ్యూకి వెళ్లమంది, నేను వెళ్లాను, ఇప్పుడు కాదంటే ఎలా?

లార్డ్ బ్రౌన్ సమాధానం చూడాలి. కేసు మొత్తం తిరిగిన మలుపు ఒక డేట్ దగ్గరుంది. హ్యూమన్ రైట్స్ యాక్ట్ అమల్లోకి వచ్చింది 2000 అక్టోబర్ 2న. రిపా సెక్షన్ 65(2)(ఎ) అమల్లోకి వచ్చింది కూడా అదే రోజు. అంటే సెక్షన్ 7(1)(ఎ) కింద ఇంటెలిజెన్స్ సర్వీస్ మీద హైకోర్టులో కేసు వేసే హక్కు అనేది ఒక్క రోజు కూడా ఎవరికీ లేదు. పిక్స్ గ్రానైట్‌లో ముందునుంచీ ఉన్న హక్కుని కొత్త చట్టం తీసేసిందా అన్నది ప్రశ్న, ఇక్కడ హక్కూ, దానికి ఫోరమూ ఒకేసారి పుట్టాయి. ఉన్న తలుపుకి తాళం వేస్తే గొడవ చెయ్యొచ్చు, కట్టినప్పుడే ఆ వైపు గోడ పెట్టి కడితే ఏ తలుపు మూశారని అడుగుతాం? కాబట్టి ఇది ఔస్టర్ కాదు, పార్లమెంట్ న్యాయ పరిశీలనని తీసెయ్యలేదు, ఆ పని ఐపీటీకి అప్పజెప్పింది, అంతే అన్నారు.

తర్వాత ప్రాక్టికల్ పాయింట్. ఐపీటీలో ఇన్ని రక్షణలు పెట్టి, ఫిర్యాదుదారుడు మాత్రం నాకిష్టమైతే ఐపీటీ, లేకపోతే హైకోర్టు అని ఎంచుకోవచ్చు అంటే ఆ రక్షణలకి అర్థమే లేదు, పార్లమెంట్ అలా అనుకుని ఉండడం ఊహకి అందదు అన్నారు. ఇది కూడా నేను ఒప్పుకుంటాను. దాపరికం అవసరం లేని కేసు కదా అన్నదానికి, ఐపీటీ రూల్స్ అవసరాన్ని బట్టి సర్దుకునేవే, ఇరుపక్షాలనీ కూర్చోబెట్టి వినొచ్చు అన్నారు. షేలర్ గురించి అయితే అక్కడ రిపా సెక్షన్ 65 ఎవరూ చూపించలేదు, ఎవరూ వాదించలేదు, కాబట్టి ఆ మాట ఈ పాయింట్ మీద అథారిటీ కాదు అన్నారు.

నాకు మింగుడుపడనిది ఇక్కడే. టెక్నికల్‌గా కరెక్టే, వాదించని పాయింట్ మీద తీర్పు బైండింగ్ కాదు, మనం కూడా రోజూ అదే వాదిస్తాం. కానీ షేలర్ తీర్పు వచ్చేనాటికి, అంటే 2002 మార్చికి, రిపా అమల్లోకి వచ్చి ఏడాది దాటింది. అప్పుడు హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ క్రిమినల్ చట్టాన్ని నిలబెట్టిందే జ్యుడీషియల్ రివ్యూ అనే సేఫ్టీ వాల్వ్ ఉంది అన్న నమ్మకం మీద. ఇప్పుడు ఆ సేఫ్టీ వాల్వ్ వేరే చోట ఉంది, అది రహస్యంగా పనిచేస్తుంది, రీజన్స్ ఇవ్వక్కర్లేదు, అప్పీల్ లేదు అన్నప్పుడు, షేలర్ పునాది కూడా మళ్లీ చూడాలి కదా. ఆ పని 2009లో జరగలేదు. సెక్షన్ చదివిన తీరు తప్పు అని నేను అనను, ఏ ఓడిపోవడం కూడా సెక్షన్ ప్రకారం తప్పదేమో, కానీ ఆయన ఏ తీర్పుని నమ్మి దారి ఎంచుకున్నారో ఆ తీర్పుకి మిగిలిన బలం ఎంత అన్నది ఇంకొంచెం రాసుండాల్సింది.

ఇప్పుడు పైన గుర్తుపెట్టుకోమన్న (ఎ), (బి) సంగతి. రూల్ పాటించి పర్మిషన్ అడిగినవాడు (ఎ) కిందకి వస్తాడు, ఐపీటీకి పోవాలి. పర్మిషన్ లేకుండా అచ్చేయించినవాడి మీద గవర్నమెంట్ ఇంజంక్షన్‌కో, డబ్బులు లాక్కోవడానికో, ప్రాసిక్యూషన్‌కో వస్తుంది, అది మామూలు కోర్టు, అక్కడ వాడు (బి) కింద ఆర్టికల్ 10ని డిఫెన్స్‌గా వాడుకోవచ్చు, కారణాలతో తీర్పు వస్తుంది, అప్పీల్ ఉంటుంది. అంటే బుద్ధిగా ఉన్నవాడికి చీకటి గది, ఎదురు తిరిగినవాడికి ఓపెన్ కోర్టు. జైలు రిస్క్ ఉంది కాబట్టి ఎవరూ సరదాకి ఆ దారి పట్టరు అనుకోండి, అయినా చట్టం అలా కనిపించడం బాగోదు.

తర్వాత ఏమైంది

2010 మేలో కెన్నెడీ వర్సెస్ యునైటెడ్ కింగ్‌డమ్‌లో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఐపీటీ ప్రొసీజర్ న్యాయమైన విచారణ హక్కుకి విరుద్ధం కాదంది, అంటే లార్డ్ బ్రౌన్ నమ్మకానికి ఒక సపోర్ట్ దొరికింది. 2015 ఫిబ్రవరిలో ఐపీటీ మొదటిసారి ఇంటెలిజెన్స్ ఏజెన్సీలకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, అమెరికా నుంచి డేటా తీసుకునే విషయంలో. పెట్టిన పదిహేనేళ్లకి అన్నమాట.

అసలు పెద్ద మార్పు 67(8) మీద వచ్చింది. ఏ వర్సెస్ బిలో ఆ క్లాజ్ బలం ఎంత అన్నది తేల్చలేదు, అక్కడ ఐపీటీ ఇంకా ఏ నిర్ణయమూ ఇవ్వలేదు కదా. 2019 మే 15న ప్రైవసీ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో, ఐపీటీ లా విషయంలో తప్పు చేస్తే హైకోర్టు జ్యుడీషియల్ రివ్యూ చెయ్యొచ్చు, 67(8) దాన్ని ఆపలేదు అంది. లార్డ్ కార్న్‌వాత్ రాశారు, లార్డ్ సంప్షన్ గట్టిగా డిసెంట్ రాశారు. ఈలోపు 2016 ఇన్వెస్టిగేటరీ పవర్స్ యాక్ట్ ద్వారా లా పాయింట్ల మీద అప్పీల్ కూడా పెట్టారు, అది 2018 చివర్లో అమల్లోకి వచ్చింది. కాబట్టి ఈ రోజు ఏ లాంటి మనిషి మొదట ఐపీటీకే వెళ్లాలి, ఆ పాయింట్ మారలేదు, కానీ అక్కడితో ఆఖరు కాదు.

అమెరికాలో సీన్ రివర్స్. అక్కడ మామూలు ఫెడరల్ కోర్టుకే వెళ్తారు, ఫోరమ్ గొడవ పెద్దగా లేదు, కానీ 1980లో స్నెప్ కేసులో సుప్రీంకోర్టు సీఐఏ మాజీ మీద, పర్మిషన్ లేకుండా అచ్చేసినందుకు, అందులో రహస్యమేమీ లేదని గవర్నమెంట్ ఒప్పుకున్నా సరే, వచ్చిన డబ్బంతా ట్రస్ట్ కింద కట్టమంది. 2021లో ఐదుగురు మాజీ ఉద్యోగులు ఈ ముందస్తు రివ్యూ పద్ధతి మీదే వేసిన ఎడ్గర్ వర్సెస్ హేన్స్‌లో ఫోర్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు, మీకు కేసు వేసే అర్హత ఉంది అని చెప్పి, స్నెప్ ఉంది కాబట్టి మెరిట్స్ మీద ఓడగొట్టింది.

మన దగ్గర ఇలాంటి క్లయింట్ వస్తే

2021 మే 31న కేంద్రం అప్పటి సీసీఎస్, అంటే సెంట్రల్ సివిల్ సర్వీసెస్, పెన్షన్ రూల్స్‌లో రూల్ 8ని మార్చింది. ఆర్టీఐ యాక్ట్ రెండో షెడ్యూల్‌లో ఉన్న ఇంటెలిజెన్స్, సెక్యూరిటీ సంస్థల్లో చేసి రిటైరైనవాళ్లు ఆ సంస్థ "డొమైన్"కి సంబంధించింది ఏది పబ్లిష్ చెయ్యాలన్నా ఆ సంస్థ హెడ్ దగ్గర ముందే క్లియరెన్స్ తీసుకోవాలి, మీరితే పెన్షన్‌కి ఎసరు. అక్కడ నేర్చుకున్న నైపుణ్యం, నాలెడ్జ్ కూడా డొమైన్‌లోకే వస్తుంది, అంటే ఎంత వెడల్పో చూడండి.

హెడ్ క్లియరెన్స్ ఇవ్వలేదు, లేదా పెన్షన్ ఆపారు, ఆర్టికల్ 19(1)(ఎ) కింద సవాల్ చెయ్యాలి, హక్కు రాజ్యాంగం ఇచ్చింది కాబట్టి నేరుగా హైకోర్టులో రిట్ వేసేద్దాం అని చాలామందికి చెయ్యి వెళ్తుంది. ఆగాలి. పెన్షన్ అనేది అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ యాక్ట్ 1985 ప్రకారం సర్వీస్ మ్యాటర్. 1997లో ఎల్.చంద్రకుమార్ కేసులో ఏడుగురు జడ్జిల బెంచ్ చెప్పింది, రూల్ చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న కూడా ముందు ట్రిబ్యునల్లోనే వెయ్యాలి, ఆ ట్రిబ్యునల్ చట్టాన్నే సవాల్ చేస్తే తప్ప. అదే తీర్పు హైకోర్టు రిట్ అధికారం రాజ్యాంగ మౌలిక స్వరూపం, దాన్ని ఏ సవరణతోనూ తీసెయ్యడానికి వీల్లేదు అని కూడా చెప్పింది, క్యాట్, అంటే సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్, ఆర్డర్ మీద హైకోర్టు డివిజన్ బెంచ్‌కి వెళ్లొచ్చు. ఈ ఆలోచనకి మన దగ్గర ముందే బీజం పడింది, 1993లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ సకినాల హరినాథ్ కేసులో, ఈ ట్రిబ్యునల్ కేసుల్లో హైకోర్టుల అధికారాన్ని తీసెయ్యనిచ్చే ఆర్టికల్ 323ఏ(2)(డి)ని కొట్టేసింది. బ్రిటన్‌వాళ్లు 2019లో 4-3తో చేరిన చోటికి మనం 1997లోనే ఏకగ్రీవంగా చేరాం, లిఖిత రాజ్యాంగం ఉండడం వల్ల మనకి దారి సులువైంది అనుకోండి.

కాబట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ ఐబీ ఆఫీసర్ అయితే, క్యాట్ ప్రొసీజర్ రూల్స్‌లో రూల్ 6 ప్రకారం రిటైరైనవాళ్లు తాము ఉండే చోటి బెంచ్‌లో వేసుకోవచ్చు, ఢిల్లీ పరిగెత్తక్కర్లేదు. సెక్షన్ 20 కింద డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రెమెడీలు వాడారా, సెక్షన్ 21 లిమిటేషన్ ఏడాది దాటిందా, ఇవి ముందే చూసుకోండి. ఏ వర్సెస్ బిలో ఉన్న (ఎ), (బి) తేడా మన దగ్గరా ఉంది, అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ 1923 కింద ప్రాసిక్యూషన్ పెడితే అది క్రిమినల్ కోర్టు, క్యాట్‌కి సంబంధం లేదు.

ఇంకో మెలిక, ఇది చాలామంది మిస్సవుతారు. ఆర్టీఐ రెండో షెడ్యూల్‌లో ఐబీ, రా మాత్రమే లేవు, బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్ లాంటివి కూడా ఉన్నాయి. వాళ్లు కేంద్ర సాయుధ బలగాలు కాబట్టి 1985 చట్టం సెక్షన్ 2 ప్రకారం క్యాట్ పరిధిలోకి రారు. ఒకే రూల్, ఒకే నిషేధం, ఒకే హక్కు, అయినా ఐబీలో చేసినాయన క్యాట్‌కి పోవాలి, బీఎస్ఎఫ్‌లో చేసినాయన నేరుగా ఆర్టికల్ 226 కింద హైకోర్టుకి పోవాలి. క్లయింట్ మాన్యుస్క్రిప్ట్ చేతిలో పెట్టి చదవండి సార్ అంటాడు. ముందు ఆయన సర్వీస్ రికార్డ్, పెన్షన్ ఆర్డర్ అడిగి తీసుకోండి.